నాయనమ్మకి ముద్దు పెట్టని పిట్ట

ఆ బ్యాండులో ఎవరు చేరినా సరే, మొదటి కచేరీకి బయల్దేరే ముందు నాయనమ్మకి ముద్దు పెట్టి తీరాలి. నాయనమ్మ అంటే మనిషి కాదు, బాకా. బ్యాండు పుట్టినప్పటి నుంచీ ఉన్న ఇత్తడి బాకా. ఒళ్లంతా సొట్టలు, ఒక పక్క మెరుగంతా పోయి నల్లబడితే ఇంకో పక్క చేతులు తగిలి తగిలి నున్నగా మెరుస్తూ, నిజంగానే అన్నీ చూసేసిన ముసలావిడలా ఉంటుంది. కచేరీ రోజు అందరూ గుండ్రంగా నిలబడతారు. అందరిలోకీ పెద్దాయన ముందు ఒక్క స్వరం ఊది పక్కవాడికి అందిస్తాడు, వాడు ఊది తన పక్కవాడికి అందిస్తాడు, అలా మూతి నుంచి మూతికి తిరిగి తిరిగి చివరికి కొత్తవాళ్ల చేతికొస్తుంది. వాళ్లూ ఊదేస్తే అప్పుడది బ్యాండు అయినట్టు. డ్రమ్ములవాళ్లకి కూడా మినహాయింపు లేదు. వాళ్లు ఊదితే వచ్చే చప్పుడుకి అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు, అది కూడా ఆచారంలో భాగమే.

ఈసారి కొత్తగా చేరింది పిట్ట.

పిట్ట మూడో తరగతి చదువుతోంది, ముందు పళ్లు రెండూ కొత్తగా వచ్చి మొహం కంటే పెద్దగా కనిపిస్తాయి, ఒక్కచోట కుదురుగా నిలబడదు. పిట్టకి వేరుశెనగ పడదు. పడదంటే ఏదో దద్దుర్లొచ్చి తగ్గిపోయే రకం కాదు, ప్రాణం మీదికి తెచ్చే రకం. చిన్నప్పుడు ఒకసారి పక్కింటావిడ ముద్దుచేస్తూ ఏదో పెట్టింది, పెట్టినదాంట్లో వేరుశెనగ లేదు, పెట్టిన చెంచాకి ఉంది. అంతే. పెదాలు ఉబ్బిపోయి, గొంతు పూడుకుపోయి, అంబులెన్సు వచ్చేలోపు ఇంట్లో అందరి పైప్రాణాలు పైనే పోయాయి. ఆ రోజు పిల్లని ఒళ్లో పెట్టుకుని అంబులెన్సులో కూర్చున్నది మామయ్య. అప్పటి నుంచి మామయ్యకి చెంచా కనిపిస్తే చాలు, అది ఎవరిది, ఎక్కడిది, ఎవరు కడిగారు అని మనసులో కేసు నడుస్తుంది.

మామయ్య లిఫ్టు మెకానిక్. బ్యాండులో ట్యూబా వాయిస్తాడు, అంటే తనకంటే పెద్ద వాయిద్యాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని బుగ్గలు పూరించి ఊదుతాడు. మామయ్య వాళ్లక్క, అంటే పిట్ట వాళ్లమ్మ, సిటీ బస్సు డ్రైవరు. బ్యాండు ప్రాక్టీసు జరిగేది బస్సు డిపో వెనక పాత టైర్ల గోడౌనులో. ఒక పక్క టైర్లు సీలింగు దాకా పేర్చి ఉంటాయి, రబ్బరు వాసన, కానీ ఎంత గట్టిగా ఊదినా ఎవరి నిద్రా చెడదు. స్కూలు అయిపోయాక వాళ్లమ్మ డ్యూటీ దిగేదాకా పిట్ట డిపోలో కూర్చునేది. కూర్చున్న మనిషి కూర్చోకుండా గోడౌను తలుపు సందులో ముక్కు పెట్టి వినడం మొదలుపెట్టింది. ఇంకేముంది, మామయ్య వెళ్లి ఒక కొత్త కార్నెట్, అంటే పొట్టి బాకా, కొనుక్కొచ్చాడు. ఎవరి మూతీ తగలని సరికొత్త కార్నెట్, డబ్బాతో సహా.

అక్క దాన్ని చూసి ఒక్కటే అడిగింది.

"ఇన్ని వాయిద్యాలుంటే మూతితో ఊదేదే దొరికిందట్రా నీకు? వేళ్లతో వాయించేవి ఏవీ లేవా?"

ఆ మాట నిజమే, మామయ్యకి తట్టనే లేదు. కానీ అప్పటికే పిట్ట గదిలో తలుపేసుకుని ఊదేస్తోంది, దూడ అరిచినట్టుంది ఆ చప్పుడు, అక్క మొహంలో కోపం నిలవలేదు. వారం రోజులు ఆలోచించి షరతులు పెట్టింది. గోడౌనులో తిండి అన్నది కనబడకూడదు. ఎవరొచ్చినా సబ్బుతో చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి, ఆ తరవాతే లోపలికి. పిట్ట కార్నెట్‌ని పిట్ట తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఎర్ర సంచీలో వేరుశెనగ తగిలితే వెంటనే పొడవాల్సిన ఇంజెక్షను పెన్నులుంటాయి, వాటిని వాడటం బ్యాండులో ప్రతివాళ్లకీ రావాలి. ఇవన్నీ చెప్పి చివర్లో గొంతు తగ్గించి ఇంకోటి చెప్పింది, మామయ్యకి బాగా గుర్తుండిపోయింది అది.

"ఏం జరిగినా, ఎంత చిన్నదైనా, ముందు నాకు చెప్పాలి. నువ్వు దాచావని తెలిసిన రోజు ఆ బూర అటకెక్కుతుంది, అర్థమైందా?"

అర్థమైంది. మామయ్య బ్యాండు మొత్తాన్ని కూర్చోబెట్టి షరతులు అప్పజెప్పాడు. అప్పుడు చూడాలి బేకరీ బాబాయి మొహం. ఆయన ట్రాంబోను వాయిస్తాడు, అసలు పని వీధి చివర బేకరీ. ప్రాక్టీసు మధ్యలో ఆయన తెచ్చే బిస్కెట్ల కోసమే బ్యాండులో సగం మంది వస్తారని ఒక వాదన ఉంది, పైగా ఆ బిస్కెట్లలో సగం వేరుశెనగవే. అందరూ తన వంక చూస్తుంటే ఆయన కాసేపు తల గోక్కున్నాడు, తరవాత బిస్కెట్లు బంద్ అన్నాడు. మర్నాడు శానిటైజరు పెద్ద సీసా తెచ్చి తలుపు దగ్గర పెట్టి, ఇక దిగుల్లేదన్నట్టు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. పిట్ట సీసా మీద రాసిందంతా కూడబలుక్కుని చదివింది.

"బాబాయ్, దీంతో క్రిములు చస్తాయి. వేరుశెనగ చావదు. సబ్బే కావాలి."

అంత పెద్ద మనిషీ బుద్ధిగా సీసా తీసేసి సబ్బు తెచ్చాడు. ఒక సబ్బు కాదు, డబ్బా. అప్పటి నుంచి ఆయన బేకరీ మూసి, ఇంటికెళ్లి తలంటుకుని, వేరే చొక్కా వేసుకుని ప్రాక్టీసుకి రావడం అలవాటు చేసుకున్నాడు. పెళ్లిచూపులకి వచ్చినట్టు ఘుమఘుమలాడుతూ వస్తాడని అందరూ ఆటపట్టిస్తారు. అందరికంటే ఎక్కువ ఆటపట్టించేది బ్యాండులో క్లారినెట్ వాయించే పోస్టుమాన్ తాత.

ఇక ఇంజెక్షను పెన్ను నేర్చుకోవడం. సూది లేని నమూనా పెన్ను ఒకటి ఉంటుంది, దాంతో ఒకరి తరవాత ఒకరు తమ తొడల మీదే పొడుచుకున్నారు. తొడకి బయటి పక్క, బట్టల మీంచే, టిక్కు మనేదాకా నొక్కి పట్టుకోవాలి, వెంటనే అంబులెన్సుకి ఫోన్ చేయాలి. బ్యాండు మాస్టారు గడియారాలు బాగుచేసే మనిషి, టిక్కు అనగానే ఆయన ముఖం వికసించింది, మళ్లీ మళ్లీ చేసి చూపించాడు. బేకరీ బాబాయి తల్లకిందులుగా పట్టుకుని బొటనవేలికి పొడుచుకున్నాడు. పిట్ట ఆయన చేతిలోంచి పెన్ను తీసి సరిగ్గా తిప్పిపెట్టి, మళ్లీ చేయమంది. నాలుగైదుసార్లు చేయించింది, టీచరమ్మ లెక్కన.

ఇంకో అలవాటుంది పిట్టకి. ఎవరేమిచ్చినా ముట్టుకునే ముందు ఒకటే ప్రశ్న: "ఇందులో ఏముంది?" నడక రాకముందే ఆ మాట వచ్చిందంటుంది వాళ్లమ్మ. చాక్లెట్టుకీ అదే, సబ్బుకీ అదే, ఒకసారి స్కూల్లో ఎవరో రంగుల మట్టి ఇస్తే దానికీ అదే. ఈ ప్రశ్న వల్ల పిట్టకి స్నేహితుల ఇళ్లలో కొంచెం గడుసుదన్న పేరుంది. పుట్టినరోజు పిలుపులు రావు, వచ్చినా అందరూ ఒక బల్ల దగ్గర, పిట్ట తన డబ్బాతో ఇంకో బల్ల దగ్గర. దాని గురించి పిట్ట ఎప్పుడూ ఏడవలేదు. ఏడవకపోవడమే మామయ్యకి కష్టంగా ఉండేది.

బ్యాండులో మాత్రం పిట్టకి వేరే బల్ల లేదు. అందరితో పాటే కుర్చీ, అందరితో పాటే తిట్లు. మాస్టారు చేత తిట్లు తిన్న రోజు ఇంటికెళ్లి సంబరంగా చెప్పుకునేది.

అలా వానలు వెళ్లిపోయాయి, ఎండలు ముదిరాయి, దూడ అరుపు కాస్తా పాట అయింది. పార్కులో ఆదివారం సాయంత్రం కచేరీ. పిట్ట మొదటి కచేరీ. అప్పుడొచ్చింది నాయనమ్మ సమస్య.

మాస్టారు దానికి ముందే దారి ఆలోచించి పెట్టుకున్నాడు. నాయనమ్మని సబ్బునీళ్లతో లోపలా బయటా కడిగి ఆరబెడతారు, కొత్త మౌత్‌పీస్ తొడుగుతారు, ఎప్పుడూ చివర ఊదే కొత్తవాళ్లు ఈసారి అందరికంటే ముందు ఊదుతారు. పిట్ట ఊదాకే మిగతా మూతులు. అక్క దీన్ని అటు తిప్పి ఇటు తిప్పి అడిగి, తనే వచ్చి నాయనమ్మని కడిగించి, సరేనంది. ఆదివారం మధ్యాహ్నం దాకా తనకి డ్యూటీ, బస్సు డిపోకి తెచ్చి అదే బస్సులో బ్యాండుని పార్కుకి తీసుకెళ్తుంది. డిపోవాళ్లు ఒప్పుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం గోడౌనంతా హడావుడి. అందరూ ఇస్త్రీ చొక్కాల్లో ఉన్నారు. మామయ్య ట్యూబాకి ఆఖరి తుడుపు తుడుస్తున్నాడు, ఒక కన్ను పిట్ట మీదే ఉంది. పోస్టుమాన్ తాత అప్పుడే నాయనమ్మ వాల్వులకి, అదే వేళ్లతో నొక్కే మీటలకి, నూనె వేసి, నొక్కి చూసి, తృప్తిగా తలాడించాడు. వాయిద్యాలన్నిట్లో నాయనమ్మ బాధ్యత ఆయనది, ఇంకెవర్నీ చెయ్యి వేయనివ్వడు. తరవాత చిన్న సీసా పట్టుకుని మురిపెంగా పిట్ట దగ్గరికొచ్చాడు, కార్నెట్‌ని తను ముట్టుకోనని, దూరం నుంచే ఒక్క చుక్క వేస్తానని, మొదటి కచేరీకి తాత కానుక అని అన్నాడు. కంట్లో వేసుకునే మందు సీసా అది, మందు అయిపోయాక కడిగి నూనె పోసుకున్నాడు.

పిట్ట కార్నెట్‌ని వీపు వెనక్కి పెట్టుకుంది.

"తాతా, ఇందులో ఏముంది?"

నూనెలో ఏముంటుందమ్మా, నూనే ఉంటుంది అని నవ్వాడు తాత.

"ఏ నూనె?"

"వంటనూనే తల్లీ. ఇంట్లోదే. షాపులో అమ్మే వాల్వు నూనె కంటే ఇది మెత్తగా ఉంటుంది. నాకు మా గురువుగారు..."

"ఏ గింజల నూనె తాతా?"

"వేరుశెనగ..." అంటూనే తాత సీసాని పిట్టకి దూరంగా లాక్కున్నాడు. మామయ్య తుడుస్తున్న గుడ్డ పక్కన పడేసి లేచాడు. రోజూ నూనెలూ గ్రీజుల మధ్య బతికే మనిషి తను, చెంచాల్ని అనుమానించాడు, బిస్కెట్లని అనుమానించాడు, పక్కవాళ్ల చేతి రుమాళ్లని కూడా అనుమానించాడు, నూనె సీసా కళ్ల ముందే ఉంటే దాని వంక ఒక్కసారి కూడా చూడలేదు.

పిట్ట దేన్నీ ముట్టుకోలేదు. మామయ్య రెండుసార్లు అడిగాడు, అరచేతులు తిప్పి చూశాడు, అయినా సబ్బుతో కడిగించాడు. తాత సీసాని చెత్తబుట్టలో వెయ్యబోయి, అది గోడౌను లోపలే ఉండకూడదని గుర్తొచ్చి, బయటికి పరిగెత్తాడు. నాయనమ్మని ఒక కవర్లో చుట్టి డ్రైవర్ల గదిలో బీరువాలో పెట్టి తాళం వేశారు. బేకరీ బాబాయి ఇన్నాళ్ల ఆటపట్టింపులకి బాకీ తీర్చుకునే అవకాశం ఒదులుకోలేదు, తాతని బస్సులు కడిగే చోటికి తీసుకెళ్లి సబ్బు డబ్బా చేతికిచ్చి గొట్టం తిప్పాడు. ఇస్త్రీ చొక్కాతో సహా తాత నురగలో మునిగి తేలాడు పాపం.

ఇదంతా జరుగుతుంటే మామయ్య డిపో గేటు దగ్గర నిలబడ్డాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఏమీ జరగలేదు కదా. చెబితే అక్క పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిపోవచ్చు, కార్నెట్ అటకెక్కొచ్చు, పిట్ట మళ్లీ తన డబ్బాతో తన బల్ల దగ్గరికి వెళ్లిపోవచ్చు. అలా అనుకుంటుండగానే బస్సు మలుపు తిరిగింది. మామయ్య గుండె చిక్కబట్టుకుని డ్రైవరు తలుపు పక్కకి వెళ్లాడు, బస్సు ఆగీ ఆగకముందే మొత్తం చెప్పేశాడు, ఊపిరి తీసుకోకుండా, ట్యూబా ఊదినట్టు.

అక్క ఇంజను ఆపింది. స్టీరింగు మీద చేతులు అలాగే ఉన్నాయి.

"ముట్టుకుందా?"

"లేదక్కా."

"ఎవరు కనిపెట్టారు?"

"ఎవరూ కాదు. అదే అడిగింది."

అక్క అద్దంలోంచి ఖాళీ బస్సు వంక చూసింది. తరవాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని మామయ్య కంగారుపడ్డాడు, చూస్తే నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"నేనైతే అడిగి ఉండేదాన్ని కాదురా. నేనే దగ్గరుండి కడిగించాను చూడు ఆ బాకాని, నూనె సంగతి నాకు తట్టనే లేదు. అది అడిగింది." మళ్లీ ఆ మాటే అంది, తనకి తను చెప్పుకుంటున్నట్టు. "అది అడిగింది." తరవాత మామయ్య నెత్తి మీద ఒకటి మొట్టి, ఇది నువ్వు చెప్పినందుకు అంది. చెప్పకపోతే ఏమయ్యేదో మామయ్య అడగలేదు.

బస్సు వెనక్కి తిప్పి గోడౌను తలుపు ముందు పెడతానంది అక్క. మామయ్య గాల్లో తేలుతూ లోపలికెళ్లేసరికి అక్కడ వేరే గొడవ. మాస్టారు తల పట్టుకుని కూర్చున్నాడు. నాయనమ్మ రెండో వాల్వు పట్టేస్తోందని ఇన్నేళ్లూ వాతావరణాన్ని తిట్టాడు ఆయన, ఇప్పుడది వంటనూనె జిడ్డు పనని తెలిసి తాత వంక చూడ్డానికి కూడా ఓపిక లేదు. కానీ అసలు బాధ అది కాదు. నాయనమ్మకి ముద్దు పెట్టకుండా ఈ బ్యాండు ఎప్పుడూ గుమ్మం దాటలేదు. చివరికి గొంతు సవరించుకుని, ఎంత మెత్తగా చెప్పాలో అంత మెత్తగా, పిట్ట కాస్త బయట నిలబడితే తాము ఆచారం కానిచ్చేసి, అందరూ కడిగేసుకుని వస్తామన్నాడు. పిట్టకి అందులో తక్కువేమీ లేదని, ఊదకపోయినా ఊదినట్టేనని అన్నాడు.

పిట్ట సరేనంది. ఎప్పుడూ అనే సరే అది, ఏడుపు లేని సరే. తలుపు దాకా నడిచింది. అక్కడ ఆగింది. వెనక్కి తిరిగింది.

"మాస్టారూ, బాకానే ఎందుకివ్వాలి? స్వరం ఇచ్చుకోవచ్చుగా?"

ఎవరికీ అర్థం కాలేదు. పిట్ట గబగబా తిరిగొచ్చి గుండ్రం మధ్యలో నిలబడి చేతులు తిప్పుతూ చెప్పింది. తను తన కార్నెట్‌తో ఒక స్వరం ఊదుతుంది. తన ఊపిరి అయిపోయేలోపే పక్కవాళ్లు వాళ్ల వాయిద్యంతో అదే స్వరం అందుకోవాలి. వాళ్లది అయిపోయేలోపు వాళ్ల పక్కవాళ్లు. ఎక్కడా తెగకూడదు. తెగితే మళ్లీ మొదటి నుంచి. మరి డ్రమ్ములవాళ్లో అన్నాడు మాస్టారు. వాళ్లు నోటితో అంటారు, ఎలాగూ బాకా ఊదితే వాళ్లకి రాదుగా అంది పిట్ట. డ్రమ్ములవాళ్లు రోషపడదామా వద్దా అని ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

మాస్టారు లేచి నిలబడ్డాడు. ఆయన మొహంలో ఇంజెక్షను పెన్ను టిక్కు మన్న రోజు నవ్వు వచ్చింది.

మొదటిసారి బేకరీ బాబాయి దగ్గర తెగిపోయింది. పక్కనే తాత నెత్తి మీద ఇంకా నురగ ఉంది, దాన్ని చూసి నవ్వొచ్చేసింది ఆయనకి. రెండోసారి పిట్ట గుండెల నిండా గాలి పీల్చి ఊదింది. సన్నగా, తిన్నగా, వెలుతురు గీత గీసినట్టు. మాస్టారు అందుకున్నాడు. తాత అందుకున్నాడు. బాబాయి ట్రాంబోను బారుగా చాచి కళ్లు మూసుకుని అందుకున్నాడు. డ్రమ్ములవాళ్లు నోరు తెరిచి అన్నారు, ఎవరూ నవ్వలేదు, అంత బాగా అన్నారు. స్వరం అలా ఒకళ్ల దగ్గరి నుంచి ఒకళ్లకి వెళ్తూ ఉంటే మధ్యలో పిట్ట దాంతో పాటే తలతిప్పుతూ గుండ్రంగా తిరిగింది. చివరిది మామయ్య ట్యూబా. మామయ్య అందుకున్నాడు కానీ పిట్ట వంక చూశాడు, బుగ్గల్లో గాలి నిలవలేదు, స్వరం వణికి, సన్నబడి, ఇక తెగిపోతుందనగా...

బయటి నుంచి బస్సు హారను మోగింది. ఆగకుండా, నిండుగా, గోడౌను రేకులు అదిరేలా. అక్క తలుపు ముందు బస్సు పెట్టుకుని ఎంతసేపటి నుంచి వింటోందో ఏమో, హారను మీద అరచెయ్యి ఆనించి నొక్కి పట్టుకుంది, తెగనివ్వలేదు.

హారను ఆగాక మాస్టారు చెవిలో వేలు పెట్టుకుని, శ్రుతి కొంచెం తక్కువైంది అన్నాడు. ఒక క్షణం ఆలోచించి, పర్లేదు, ముసలావిడ మాత్రం ఎప్పుడు సరిగ్గా పలికింది కనక అన్నాడు. అందరూ బస్సెక్కారు.

కచేరీ ఎలా జరిగిందో చెప్పక్కర్లేదు, మామయ్యని అడిగితే ఇప్పటికీ గంటసేపు చెబుతాడు. చెప్పాల్సింది ఆ తరవాతది. చప్పట్లు ఇంకా ఆగలేదు, పార్కు నిర్వాహకుడు ఒకాయన పెద్ద పళ్లెం నిండా మిఠాయిలు పట్టుకుని వేదికెక్కి, నేరుగా అందరిలోకీ చిన్నదాని దగ్గరికెళ్లి, తీసుకోమ్మా అన్నాడు. పిట్ట నోరు తెరిచింది. కానీ మాట పిట్ట నోట్లోంచి రాలేదు. మాస్టారు, తాత, బాబాయి, డ్రమ్ములవాళ్లు, మామయ్య, ముందు వరసలో కూర్చున్న అక్క, అందరూ ఒక్కసారే, ఎవరో కర్ర ఊపినట్టు, శ్రుతి ఇసుమంత కూడా తప్పకుండా అడిగారు.

"ఇందులో ఏముంది?"